మామిడి తోటలో కార్తెలు



ఈ ఉపన్యాసం ఎవరి పేరున ఏటా జరుగుతోందో ఆ మాస్టారు ఈ నూజివీడులో వృక్షశాస్త్రం చెప్పారు. పువ్వుని బోర్డు మీద గీసి వదిలేయడం ఆయనకు నచ్చేది కాదు. తరగతినంతా తోటల గట్ల మీదికి నడిపించి, కింద రాలిన పూత ఏరించి, అందులో మగపువ్వు ఏదో, కాయ కట్టగల పువ్వు ఏదో పిల్లల చేతే విడదీయించేవారు. అందుకే నిర్వాహకులు నన్ను మామిడి మీద మాట్లాడమన్నప్పుడు ఒక మార్పు కోరాను. రసాల గురించి, బంగినపల్లి గురించి, కలెక్టర్ కాయ ధర గురించి చెప్పగలిగినవాళ్లు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. నేను తోటలో మామిడి కానివాటి గురించి మాట్లాడతాను. ఏ కార్తెలో ఏ పురుగు పైకొస్తుంది, ఏ పిట్ట దిగుతుంది, కొండ మీద ఏది పూస్తుంది, కుంటలో ఏది అరుస్తుంది అన్నది ఇవాళ్టి విషయం. ఇవేవీ మామిడికి చుట్టపుచూపుగా వచ్చినవి కావు. వీటిలో చాలావాటి మీద మన కాపు ఆధారపడి ఉంది. అయినా వీటి రాకపోకల తేదీలు మనం ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ఆ రాత పని ఈ ఊరి నుంచి మొదలుకావాలని నా విన్నపం.

నూజివీడు 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారింది గాని నేల మారలేదు. పడమట మైలవరం, కొండపల్లి గుట్టలున్నాయి. అవి తూర్పు కనుమల చెదురు కొసలు. ఆగ్నేయాన కొల్లేరు. మధ్యలో ఎర్రనేలల మెట్ట. ఎగువన పడిన వాన బుడమేరు, రామిలేరు, తమ్మిలేరు పట్టుకుని ఈ మెట్టలోంచే కొల్లేటికి దిగుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచాక బుడమేరు పేరు దేశమంతా విన్నది. అంతకుముందు చాలామందికి అదొక ఎండు వాగు మాత్రమే. శివరాత్రి తిరునాళ్లకు బలివే వెళ్లినవాళ్లకు తమ్మిలేటి ఇసుక తెలుసు. కొండ దిగే జంతువుకీ, కొల్లేటి మీంచి లేచే పిట్టకీ దారిలో దొరికే నీడ ఈ మామిడి తోటలే. ఆగిరిపల్లి శోభనాచలం మెట్లెక్కి వెనక్కి తిరిగి చూస్తే ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

సంవత్సరాన్ని ఉగాదితో మొదలుపెట్టడం అలవాటు. తోట సంవత్సరాన్ని నేను మృగశిరతో మొదలుపెడతాను. కాయ దిగిపోయాక తోటవైపు ఎవరూ చూడరు. గుత్తదారు వెళ్లిపోతాడు, కాపలా గుడిసె ఖాళీ అవుతుంది, చిక్కాలు అటకెక్కుతాయి. సరిగ్గా అప్పుడే తోటలో అన్నిటికన్నా ఎక్కువ సందడి. రోహిణిలో రోళ్లు పగిలే ఎండ కాసి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశించి, మొదటి గట్టి వాన కురిసిన సాయంత్రం పుట్టల్లోంచి ఉసుళ్లు, అంటే రెక్కలొచ్చిన చెదలు, లేస్తాయి. కాకులు, గోరింకలు, పసులపోలిగాళ్లు గాల్లోనే పట్టుకు తింటాయి. నేల మీద పడ్డవాటికి తొండలు, కప్పలు కాచుకుని ఉంటాయి. చీకటి పడ్డాక ఊళ్లో ప్రతి దీపం చుట్టూ బల్లులు చేరతాయి. వేసవి పొడుగునా తిండి లేక సన్నబడ్డ ప్రాణులన్నీ ఆ ఒక్క సాయంత్రం కడుపు నింపుకుంటాయి. ఆ తిండితోనే చాలా పక్షులు పిల్లల్ని పెంచుతాయి.

ఆ తర్వాతి రోజుల్లో, జూన్ 22కి అటూ ఇటూగా, తడి ఎర్రనేల మీద ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. ఎర్ర మఖమల్ తొడుగు వేసుకున్నట్టుండే ఈ ప్రాణిని మనలో చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచనివాళ్లు తక్కువ. ఇది నిజానికి పురుగు కాదు, ఎనిమిది కాళ్లది, సాలీళ్ల వంశంలో నల్లి జాతి. పిల్లదశలో మిడతల్లాంటి కీటకాల ఒంటిని అంటిపెట్టుకుని వాటి రసం పీల్చి పెరుగుతుంది. పెద్దదయ్యాక మన్నులో బతుకుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం నేల కిందే. తొలి వానల తర్వాత కొద్ది పూటలు మాత్రం పైకొచ్చి, చెదలను వేటాడి, జతకట్టి, గుడ్లు పెట్టడానికి మళ్లీ లోపలికి పోతుంది. ఉసుళ్లు లేచే సమయానికే ఇవి పైకి రావడం కాకతాళీయం కాదు, ఇది వాటి తిండి వేళ. మిడతలను తగ్గిస్తాయి, చెదలను తగ్గిస్తాయి, పండు జోలికి రావు. ఒక కార్తె పేరునే మన పెద్దలు ఒక ప్రాణికి పెట్టుకున్నారంటే ఎంత శ్రద్ధగా చూశారో ఆలోచించండి. ఇవాళ కలుపు మందు కొట్టి బోడి చేసిన తోటల్లో, మందుల పేరుతో వీటిని ఏరి అమ్ముకునే చోట్ల పిల్లలకు ఇవి చూపించడం కష్టమైపోయింది. తోటలో ఆరుద్ర పురుగు ఉందంటే ఆ మన్ను ఇంకా బతికుందని నేను లెక్కవేస్తాను. ఖరీదైన పరీక్ష ఏదీ అక్కర్లేని లెక్క అది.

అదే వారంలో కుంటల దగ్గర గోదురుకప్పలు. మిగతా రోజుల్లో మట్టిరంగులో ఉండే మగకప్ప ఆ కొద్దిరోజులు నిమ్మపండు పసుపులోకి మారుతుంది. గొంతు పక్కన నీలం బుడగలు ఉబ్బుతాయి. మన దేశం ఒకప్పుడు ఈ కప్పల కాళ్లను విదేశాలకు ఎగుమతి చేసేది. పొలాల్లో పురుగు తినేవాళ్లు లేకుండా పోతున్నారని గ్రహించి 1987లో ఆ ఎగుమతిని ఆపారు. తుమ్మ చెట్ల మీద గొల్ల కోకిల కేకలూ అప్పుడే మొదలవుతాయి. కావ్యాల్లో వాన చినుకు కోసం ఎదురుచూసే చాతకం ఇదే. ఈ జాతిలో కొన్ని పక్షులు దక్షిణాదినే ఏడాది పొడుగునా ఉంటాయి, కొన్ని ఆఫ్రికా నుంచి రుతుపవనాల గాలితో పాటు సముద్రం దాటి వస్తాయి.

వానాకాలం మధ్యలో చెప్పుకోవలసిన పని మామిడిదే. కాయ దించాక, వానల్లో తొడిగే రాగిరంగు చిగురు నెలల తరబడి ముదిరితేనే వచ్చే చలికాలంలో పూతకొస్తుంది. ఒక ఏడు విరగకాసిన చెట్టుకు ఈ చిగురు వేసే ఓపిక ఉండదు. అందుకే మరుసటి ఏడు కాపు లేని ఏడవుతుంది. ఆ చిగురు మీదే ఆకుల్ని కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు చేరతాయి. కాయలు కోసే కూలీలకు ఇవంటే హడల్. కుట్టాయంటే చిక్కం వదిలేసి దిగాల్సిందే. అయినా వీటి పక్షాన ఒక మాట చెప్పాలి. క్రీస్తుశకం 304 నాటిదని చెప్పే చైనా గ్రంథంలో ఇవే చీమల గూళ్లను బజారులో కొని నారింజ చెట్లకు కట్టుకునేవారని ఉంది. పురుగును పురుగుతో కట్టడి చేయడంలో మనకు తెలిసిన అతి పాత ఉదాహరణ అది. ఈ కాలంలో ఉత్తర ఆస్ట్రేలియా మామిడి, జీడిమామిడి తోటల్లో వీటితో ప్రయోగాలు చేసి మంచి ఫలితాలు చూశారు. వీటికి ఒక చెడ్డ గుణమూ ఉంది. తీపి స్రవించే పిండినల్లిని, పొలుసు పురుగును ఇవి కాపాడతాయి. ఏ కొమ్మ మీద వీటిని ఉంచాలి, ఏ కొమ్మ మీద తీసేయాలి అన్నది తోటలో తిరిగే రైతు మాత్రమే తేల్చగలడు.

భాద్రపదం, ఆశ్వయుజాల్లో కొండల మీద అడవినాభి ఎర్రగా, పసుపుగా పూసి ఉంటుంది. దసరాకు సీతాఫలం గంపలు రోడ్ల మీదికి వస్తాయి. హిమాలయ పాదాల నుంచి, మధ్య భారతం నుంచి దక్షిణానికి పోయే పొన్నంగి పిట్టలు రాత్రిళ్లు ప్రయాణం చేసి అలసి తోటల్లో దిగుతాయి. తొమ్మిది రంగుల చిన్న పిట్ట అది. ఎండుటాకులు పరిచి ఉన్న తోటలో ఆకులు తిరగేస్తూ పురుగులు ఏరుకుంటుంది. నేలంతా దున్ని నున్నగా ఉంచిన తోటలో దానికి పనిలేదు. చలి మొదలయ్యాక వంగపండు పిట్ట పసుపురంగులో ఆకుల మధ్య మెరుస్తుంది.

ఈ పిట్ట పేర్ల దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా వచ్చి నెల్లూరులో పనిచేసిన టి.సి. జెర్డాన్ 1862, 1864 మధ్య భారతదేశపు పక్షుల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. పక్షి తర్వాత పక్షికి తెలుగు పేరు అందులో నమోదు చేశాడు. ఆ పేర్లు ఆయనకు చెప్పినవాళ్లు పిట్టలు పట్టుకుని బతికే మనవాళ్లే. వాళ్ల పేర్లు మాత్రం పుస్తకంలోకి ఎక్కలేదు. ఆయన పేరు పెట్టుకున్న కలివికోడి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మాయమై, అంతరించిందని అందరూ అనుకున్నాక, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు దారి చూపింది ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. జనం నోట్లో పేరుండబట్టి పక్షి దొరికింది.

ఇప్పుడు బయట పూత ఉంది కాబట్టి దాని గురించి కాస్త నిదానంగా చెప్పుకుందాం. మామిడి పూతకు చల్లటి రాత్రులు కావాలి, కొమ్మ ముదిరి ఉండాలి, నేల కొంత ఎండి ఉండాలి. మార్గశిరం, పుష్యంలో చలి బాగా పట్టిన ఏడు పూత ఒక్కసారిగా వస్తుంది. చలి ఆడుతూ పాడుతూ వచ్చిన ఏడు ఒకే చెట్టు మీద ఒక కొమ్మకు పిందె, ఒక కొమ్మకు పూత, ఒక కొమ్మకు చిగురు కనిపిస్తాయి. ఒక్క పూగుత్తిలో వందల నుంచి వేల పువ్వులుంటాయి. వాటిలో చాలావరకు మగవి. కాయ కట్టగల పువ్వులు రకాన్ని బట్టి ఎక్కువో తక్కువో. చివరికి గుత్తికి ఒకటో రెండో కాయలు నిలిస్తే మంచి కాపన్నట్టే. ఈ ఒకటో రెండో నిలవడానికి కారణం ఎవరు? తేనెటీగలే అనుకుంటాం. మామిడి పువ్వు చిన్నది, తేనె పైపైనే ఉంటుంది, వాసన ఘాటుగా ఉంటుంది. ఆ వాసనకు మొట్టమొదట వచ్చేది ఈగలు. మనం విసుక్కునే ఇంటి ఈగ, నీలం ఈగ, గాల్లో ఒకచోట నిలబడి ఎగిరే పూల ఈగ, వీటి కాళ్లకూ ఒంటికీ అంటిన పుప్పొడితోనే చిన్న రసం గానీ బంగినపల్లి గానీ కాయ కడుతుంది. తేనెటీగలు, కందిరీగలు, చీమలు వీటికి తోడు.

అదే పూత మీద తేనెమంచు పురుగు ఉంటుంది. గుత్తి రసం పీల్చి తీపి జిగురు విడుస్తుంది. ఆ జిగురు మీద మసి తెగులు పట్టి ఆకు నల్లబడుతుంది. మబ్బు పట్టినా, మంచు దట్టంగా కురిసినా దానికి తోడు బూడిద తెగులు. రైతు భయపడటంలో తప్పు లేదు, ఏడాది తిండి ఆ గుత్తిలో ఉంది. కానీ పువ్వు పూర్తిగా విచ్చిన రోజుల్లో పురుగుమందు కొడితే తేనెమంచు పురుగుతో పాటు ఈగ కూడా పోతుంది. పూమొగ్గ దశలో కొట్టి, విచ్చాక ఆగి, పిందె పడ్డాక మళ్లీ చూసుకోమని ఉద్యాన శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్నారు. మన ఊళ్లోనే మామిడి పరిశోధన కేంద్రం ఉంది, వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, అడిగితే తేదీలతో సహా చెబుతారు. అయినా పొరుగు తోటలో స్ప్రేయర్ చప్పుడు వినపడగానే మన తోటలోనూ మోటారు ఆన్ చేస్తాం. పూత దశలో రైతుకు కావలసింది ఓర్పు. ఆ ఓర్పుకు ధైర్యం ఇచ్చేది కొన్నేళ్ల రాతపూర్వకమైన లెక్క. అది మన దగ్గర లేదు.

పాత తోటల్లో ఇంకో నివాసి బదనిక. పక్క చెట్టు కొమ్మలోకి వేరు దించి దాని నీరు తాగే మొక్క. మామిడి దీనికి ఇష్టమైన చెట్టు. కాషాయం రంగు గొట్టాల్లాంటి పూలు పూస్తుంది, తేనెపిట్టలు వచ్చి ముక్కు దూర్చి తేనె తాగుతాయి. పండును మింగేది వేరే పిట్ట, బొటనవేలంత ఉంటుంది, మన దేశపు పక్షుల్లో అతి చిన్నవాటిలో ఒకటి. గింజ చుట్టూ ఉన్న జిగురు దాన్ని వదలదు. పిట్ట తన ఒంటిని కొమ్మకు రుద్దుకుని ఆ గింజను వదిలించుకుంటుంది. కొమ్మకు అంటిన గింజ అక్కడే మొలుస్తుంది. ఆ పిట్ట లేనిదే బదనిక ఇంకో కొమ్మకు చేరలేదు, బదనిక పండే ఆ పిట్టకు ముఖ్యమైన తిండి. బదనిక ఎక్కువైతే కొమ్మ ఎండుతుంది కాబట్టి పూతకు ముందే, కింద కొంత మామిడి కొమ్మతో సహా కోసేయాలి. కోయండి. తోట చివర, కాపు తగ్గిన ఒక ముసలి చెట్టు మీద మాత్రం ఒక గుబురు ఉండనివ్వండి. తేనెపిట్టకు, ఆ చిన్న పిట్టకు అంత చాలు. ఆ పిట్టలు తమ పిల్లలకు తెచ్చిపెట్టేది మీ చెట్ల మీది సాలీళ్లను, చిన్న పురుగులను.

మాఘం చివర, ఫాల్గుణంలో తోట పచ్చగా ఉంటే కొండ బోడిగా ఉంటుంది. ఆ బోడికొమ్మల మీదే పూలు. మోదుగ ఎర్రగా, కొండగోగు పసుపుగా, బూరుగ ముదురు ఎరుపుగా. మధ్య ఆసియాలో గూళ్లు కట్టి, మన దగ్గర చలికాలం గడిపే గులాబి గోరింకలు తిరుగు ప్రయాణానికి ముందు ఈ పూల తేనె మీద గుంపులుగా పడతాయి. కొండపల్లి బొమ్మకు కావలసిన తెల్లపొణికి ఈ పొడి అడవి చెట్టే. మెత్తటి, తేలికైన కొయ్య. చిత్రకారుడి రంగు కింద పొణికి ఉందని అందరికీ తెలుసు గాని, ఆ చెట్టు ఎప్పుడు ఆకు రాలుస్తుందో, ఎప్పుడు గింజ పడుతుందో చెప్పగలిగినవాళ్లు ఇవాళ ఎంతమంది? పొణికి దొరకడం ఏటేటా కష్టమవుతోందని కళాకారులు మొరపెట్టుకుంటున్న కాలంలో ఆ లెక్క బొమ్మల పరిశ్రమకు ప్రాణం.

ఉగాదికి కోకిల. మావిచిగురు తిని గొంతు విప్పుతుందని మన కవుల మాట. కోకిల తినేది ప్రధానంగా పండ్లు, మర్రి, రావి, వేప, నేరేడు. అది ఆ నెలల్లో అంత గట్టిగా అరవడానికి కారణం కాకి గూడు. కాకి గూడు కట్టే కాలానికి తన గుడ్డు సిద్ధం కావాలి, మగ పక్షి కూత ఆ ఏర్పాటులో భాగం. కాకి గూడు ఆలస్యమైతే కోకిల కాలమూ జరుగుతుంది. కవి చిగురునూ కూతనూ ఒకే నెలలో చూశాడు, ఆ చూపు నిజమే. వాటి మధ్య అల్లిన కారణం ఒక్కటే సరికాలేదు. ఏ నెలలో ఏది జరిగిందో అంత నమ్మకంగా కావ్యంలో దొరకడం మనకు పెద్ద ఆస్తి.

వేసవి గురించి మీకు నేను చెప్పేది తక్కువ. చింతచిగురు, తాటిముంజలు, రేల పూలు, ఆవకాయకు జలాలు, ఆపైన రసాలు. ఒక్క గబ్బిలం గురించి మాత్రం చెప్పి తీరాలి. పండు తినే పెద్ద గబ్బిలాలను 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కాకులు, ఎలుకలతో కలిపి ఐదో షెడ్యూలులో, అంటే చంపినా అడగని జాబితాలో పెట్టింది. 2022 సవరణ ఆ షెడ్యూలునే ఎత్తేసింది. మంచి పని. మార్కెట్‌కు వెళ్లే కాయను మనం ముదరగానే, పండకముందే కోస్తాం. గబ్బిలం వాసన పట్టి వచ్చేది చెట్టున పండినదానికి. నష్టం లేదని నేను అనను. కానీ ఆ గబ్బిలమే రాత్రంతా మైళ్ల దూరం ఎగిరి బూరుగకు, ఇప్పకు పుప్పొడి మోస్తుంది, నేరేడు గింజను, రావి గింజను కొండ మీదికి చేరుస్తుంది. గుట్టలు మళ్లీ చిగురించడానికి ఏ నర్సరీ దానికి సాటిరాదు.

ఈ రుతుచక్రాన్ని తేదీలతో సహా కాగితం మీద పెట్టిన దేశం జపాన్. అక్కడి నగానో కొండసీమలో షిరౌమా అనే శిఖరం ఉంది, ఎత్తు 2,932 మీటర్లు. వసంతంలో మంచు కరుగుతుంటే బయటపడే నల్లరాయి గుర్రం ఆకారంలో కనిపిస్తుంది. ఆ గుర్రం కనిపించగానే కింద లోయలో రైతులు దమ్ము మొదలుపెట్టేవారు. కొండ పేరే అందులోంచి వచ్చిందంటారు. దాని వరసలోనే ఉన్న ఇంకో కొండ మీద కనిపించే ఆకారానికి విత్తనాలు చల్లే తాత అని పేరు. మన ఏరువాక రైతుకు ఈ మాట వేరే వివరించనక్కర్లేదు. క్యోటో నగరంలో చెర్రీ పూలు విరగబూసిన తేదీలను యసుయుకి అవోనో అనే ఆచార్యుడు రాజుల దినచర్యల నుంచి, గుడుల రికార్డుల నుంచి క్రీస్తుశకం 812 దాకా వెనక్కి వెళ్లి సేకరించాడు. 2021లో ఆ పూలు మార్చి 26న విరగబూశాయి. అప్పటిదాకా పన్నెండు వందల ఏళ్ల లెక్కలో అంత ముందుగా ఎన్నడూ లేదు. భూమి వేడెక్కుతోందనడానికి ప్రపంచమంతా చూపించే సాక్ష్యాల్లో అదొకటి అయింది. సాక్ష్యం చెప్పింది పువ్వు, రాసిపెట్టింది ఎప్పటివాళ్లో.

జపాన్ వాతావరణ శాఖ 1953 నుంచి దేశమంతటా తొలి పూతలు, తొలి కూతలు, తొలి వానకోవెలలు నమోదు చేసింది. 2021లో జంతువుల లెక్క మొత్తం మానేసి ఆరు మొక్కలకు కుదించింది. నగరాల మధ్య ఉన్న పరిశీలన కేంద్రాల దగ్గర ఆ పిట్టలూ ఆ పురుగులూ దొరకడం లేదన్నది ఒక కారణం. ఆ పనిని ఇప్పుడు పౌరులు, పరిశోధక సంస్థలు కలిసి అందుకున్నారు.

ఆ దేశానికీ మనకూ మామిడి ద్వారా ఇంకో బంధం ఉంది. పండు ఈగ భయంతో దాదాపు ఇరవై ఏళ్లపాటు భారత మామిడిని జపాన్ రానివ్వలేదు. 2006 జూన్‌లో నిషేధం ఎత్తేసి ఆరు రకాలకు అనుమతినిచ్చింది, అందులో మన బంగినపల్లి ఒకటి. షరతు ఏమిటంటే కాయను ఆవిరి వేడిలో పెట్టి ఈగ గుడ్లు చచ్చేలా చేసి పంపాలి. పండు ఈగ ఏ కార్తెలో మన తోటల్లో మొదట కనిపిస్తుందో, ఏ వానతో పెరుగుతుందో లెక్క ఉంటే ఎర ఎప్పుడు కట్టాలో ముందే తెలుస్తుంది. ఈ ఒక్క తేదీకి ఎంత ధర ఉందో ఎగుమతి చేసేవాళ్లను అడగండి.

మనకూ కార్తెలున్నాయి. ఇరవై ఏడు కార్తెలు, ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు. వానకు, విత్తుకు, పురుగుకు, పూతకు వాటి మీదే సామెతలు. అదొక పరిశీలన గ్రంథం. కానీ అందులో ఇన్నేళ్ల సారం ఉంది గాని, ఏ ఏడు ఏం జరిగిందన్నది లేదు. ఇంకో చిక్కు ఉంది. కార్తె సూర్యుడు నక్షత్రంలో ప్రవేశించేదాన్ని బట్టి వస్తుంది. ఆ లెక్క రుతువులతో పోలిస్తే డెబ్భై ఏళ్లకు పైచిలుకు కాలంలో ఒక రోజు ఆలస్యమవుతుంది. ఆ నిదానమైన కదలికకు మన పెద్దలు తరాల మీద సర్దుకున్నారు. ఇప్పుడు రుతువులే జరుగుతున్నాయి, అదీ ఒక తరం లోపలే. పూత ఆలస్యమవుతోందని ఒక రైతు, లేదు ముందే వస్తోందని ఇంకో రైతు అంటారు. ఇద్దరి దగ్గరా కాగితం లేదు.

తోటలే తగ్గుతున్న కాలంలో ఈ లెక్కలెందుకని కొందరు పెద్దలు నన్ను అడిగారు. నిజమే. పక్కనే పెదవేగిలో 1995 నుంచి ఆయిల్ పామ్ పరిశోధన కేంద్రం ఉంది. ఆ పంట మన మెట్టలోకీ వచ్చింది. మామిడి ధర పడిపోయిన ఏడు చెట్టు కొట్టి ప్లాట్లు వేసిన రైతును నేను తప్పుపట్టను, అప్పులవాడి ముందు పిట్టల కథ నిలబడదు. కొట్టక మిగిలిన తోట మాట నాది. గట్టు మీది ఈత, బలుసు, కలివి పొదల కంచె తీసేసి ఇనుప తీగ వేస్తే ముంగిసకూ మానుపిల్లికీ దాక్కునే చోటు పోతుంది, ఎలుక పెరుగుతుంది. ఇవన్నీ రాసిపెట్టడం ఎందుకంటే, కొల్లేటి చరిత్ర మనకు దగ్గరి ఉదాహరణ. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రవేత్త తాడేపల్లిగూడెం దగ్గర ఆరేడులో గూడబాతుల పెద్ద స్థావరాన్ని గుర్తించి 1949లో వివరంగా అచ్చువేశాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ ప్రాంతపు గూడబాతులు గూళ్లు వదిలి వెళ్లిపోయాయి. మళ్లీ కొల్లేటి ఒడ్డున ఆటపాకకు వచ్చాయి. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. వెళ్లాయని, తిరిగి వచ్చాయని ఇంత ధీమాగా ఇవాళ చెప్పగలుగుతున్నామంటే ముందు ఎక్కడ ఉండేవో ఒక మనిషి రాసిపెట్టాడు కాబట్టి.

నా ప్రతిపాదన చిన్నది. ఈ ఏడాది నుంచి మన ఊరి కళాశాలలో ఒక రుతు పుస్తకం పెడదాం. ఊరికి ఒక తోట, తోటకు ఒక చెట్టు, ఆ చెట్టు మారకూడదు. తొలి పూత, విరగబూత, తొలి పిందె, టెంక పట్టిన రోజు, చివరి కోత. చెట్టు చుట్టూ తొలి కోకిల కూత, తొలి ఉసుళ్లు, తొలి ఆరుద్ర పురుగు, గోదురుకప్ప తొలి అరుపు, గులాబి గోరింకల గుంపు, గుట్ట మీద తొలి మోదుగ పువ్వు. మందు కొట్టిన రోజూ, మందు పేరూ రాయాలి, దాచకూడదు. కార్తె పేరూ ఇంగ్లీషు తేదీ రెండూ వేయాలి. 2010లో మొదలై దేశమంతటా బడిపిల్లల చేత చెట్లను గమనింపజేస్తున్న సీజన్‌వాచ్ పథకంలో మామిడి, చింత, రేల ఉన్నాయి. మన వివరాలు ఆ పథకానికీ అందుతాయి. చదువు రాని తోటమాలి చెబితే విద్యార్థి రాయాలి, కింద చెప్పినవారి పేరు తప్పకుండా వేయాలి. జెర్డాన్ పుస్తకంలో జరిగిన లోపం మనం చేయవద్దు.

ఒక విషయం విద్యార్థులకు గట్టిగా చెబుతున్నాను. వెతికినా కనపడకపోతే ఆ గడి ఖాళీగా వదలకండి. వెతికాం, కనిపించలేదు అని తేదీతో రాయండి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పుస్తకం తెరిచేవారికి, కనిపించిన రోజు ఎంత ముఖ్యమో అదీ అంతే ముఖ్యం. ఇప్పుడు ధనిష్ఠ కార్తె నడుస్తోంది. రైతులు వెళ్లేలోపు, ఈ ఏడు మీ తోటలో తొలి పూత ఏ రోజు చూశారో గుమ్మం దగ్గర కూర్చున్న పిల్లలకు చెప్పి వెళ్లండి. రోజు గుర్తులేకపోతే సంక్రాంతికి ముందో వెనకో అయినా చెప్పండి. గుర్తు మీద చెప్పిందని పక్కన రాసుకుంటారు.